బ్యాగుల కాడ కూర్చోడానికేనా టికెట్టు కొన్నది?

ఏం చెల్లీ, ఈసారి వండర్‌లా ఆటల పార్కు ప్రయాణం ఖాయమేనంట కదా! మన సి.బెళగల్ వైపు ఎండాకాలం వస్తే చాలు, ఈ మాట మొదలవుతుంది. మిరప కోతల సుగ్గికి గుంటూరు పోయినోళ్లు తిరిగొస్తారు, పత్తి డబ్బులు చేతికొచ్చుంటాయి, పిల్లోళ్ల పరీక్షలు అయిపోయుంటాయి. ఇంకేముంది, ఒక తుఫాను బండి మాట్లాడుకుని నాలుగిళ్లోళ్లు కలిసి హైదరాబాదు బయల్దేరతారు. బాగుంది. కానీ మధ్యాహ్నం పూట ఆ గుంపును ఒకసారి చూడు. మగోళ్లూ పిల్లోళ్లూ నీళ్లలో ఉంటారు. ఆడోళ్లలో ఒకరో ఇద్దరో చెట్టు కింద బెంచీ మీద ఉంటారు. చుట్టూ సంచులు, ఒళ్లో నాలుగు సెల్‌ఫోన్లు, భుజాన తడి తువ్వాళ్లు. వాళ్లకూ అదే రేటు టికెట్టు. పొద్దుగూకేదాకా అట్లే కూర్చుని, ఇంటికొచ్చినాక ఎవరన్నా అడిగితే "బాగుండె" అంటారు. ఆ బెంచీ మీద నిన్ను కూర్చోనీయకూడదనే ఈ ముచ్చటంతా.

మొదట సంచుల సంగతి తేల్చుకుందాం. బయటి తిండి లోపలికి రానీరు. చంటిబిడ్డ పాలు, తిండి అయితే సరే. ఇది తెలిసి కూడా మనోళ్లు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం డబ్బాలకెత్తి, గేటు కాడ తనిఖీలో వాదనకు దిగుతారు. ఆ డబ్బాలేవో బండిలోనే ఉండనీ. గేటు తెరవకముందే పార్కింగులో కూర్చుని కడుపునిండా తినేసి లోపలికి పోండి. సాయంత్రం మళ్లీ అవే రొట్టెలు పనికొస్తాయి. లోపల లాకర్లు అద్దెకిస్తారు. ఇంటికొకటి తీసుకుని ఫోన్లు, పర్సులు, మారు బట్టలు అందులో పడేసి తాళం వేసేయ్. లాకరు అద్దె దండగ అనే మనిషి ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. ఆయన్నే ఆ బెంచీ మీద కూర్చోబెట్టు. అరగంట తిరక్కముందే ఆయనే పోయి తాళంచెవి పట్టుకొస్తాడు.

బంగారం మాత్రం లాకర్లో కూడా వద్దు, ఇంట్లోనే పెట్టి రా. తాళిగొలుసు తీయడానికి మనసొప్పదు, నిజమే. పసుపుదారానికి పసుపుకొమ్ము కట్టుకుని పో, ఆ ఒక్కరోజుకు అత్త కూడా ఏమనదు. గాజు గాజులు కూడా తీసేయ్. నీళ్ల జారుడుబల్లలో మోచెయ్యి గోడకు తగిలిందంటే గాజు పగిలి చెయ్యి కోసుకుంటుంది.

ఇక బట్టలు. చానామంది ఆడోళ్లు బెంచీకి అతుక్కుపోయేది ఈ బట్టల దగ్గరే. నీటి ఆటలకు చీర, చుడీదారు, జీన్సు, నూలు బట్టలు ఏవీ ఒప్పుకోరు, నైలాన్ ఉండాల్సిందే. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పోగులు ఊడి నీళ్లలో చేరతాయి, జారుడుబల్లలో చుట్టుకుంటుంది. అందుకని ఆ నియమం. దాన్ని తప్పుపట్టను. కానీ నైలాన్ అనగానే "అమ్మో, ఆ పొట్టి బట్టలు నేనెక్కడ వేసుకునేది" అని వెనక్కి తగ్గుతాం. పొట్టివే అక్కర్లేదే తల్లీ! నిండు చేతుల నైలాన్ టాపు, కాలిమడమ దాకా లెగ్గింగు వేసుకుని దర్జాగా దిగొచ్చు. అక్కడి అంగట్లోనూ దొరుకుతాయిగానీ, కొలత కుదరక, అందరూ ఒకేసారి ఎగబడి, అక్కడే సగం ఉత్సాహం పోతుంది. ముందే కర్నూల్లో కొని, ఇంట్లో ఒకసారి వేసుకుని వంగి లేచి చూసుకో. ముదురు రంగు తీసుకో, తడిస్తే ఒళ్లు కనపడదు. నెలసరి తేదీ కూడా లెక్కేసుకునే ప్రయాణం పెట్టించు. ఇంట్లో నోరు తెరిచి చెప్పు, ఇందులో సిగ్గేముంది? తేదీ కుదరకపోతే పొడి ఆటలు ఎన్నో ఉన్నాయి, అవి ఎక్కు.

ఎప్పుడు పోవాలంటావా? ఆదివారం వద్దు, రెండో శనివారం వద్దు. దసరా, సంక్రాంతి సెలవుల్లో అసలే వద్దు. వేసవి సెలవుల్లో రెండు రాష్ట్రాల జనమూ అక్కడే ఉంటారు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు చూడు, ఆ తర్వాతొచ్చే మంగళవారమో బుధవారమో చూసుకో. టికెట్టు రేటు కూడా రద్దీ రోజులకంటే తక్కువుంటుంది. పిల్లోళ్లకు ఒకరోజు బడి పోతుందంటావేమో, పోనీ. మామూలు రోజులు కదా అని నవంబరు నుంచి జనవరి దాకా మాత్రం మోసపోవద్దు. బడిపిల్లల ఎక్స్‌కర్షన్ బస్సులన్నీ అప్పుడే దిగుతాయి. చినుకులు పడే రోజు జనం పలచగుంటారు, ఎట్లాగూ తడవడానికే కదా పోయేది. ఉరుములు మెరుపులుంటే మాత్రం ఎత్తు మీదుండే ఆటలు ఆపేస్తారు.

దారి సంగతి మీ డ్రైవరుకు చెప్పు. కర్నూలు నుంచి హైదరాబాదు ఇంచుమించు 210 కిలోమీటర్లు. మనకు ఊళ్లోకి పోయే పనే లేదు. శంషాబాద్ కాడ ఔటర్ రింగురోడ్డెక్కి, 13వ ఎగ్జిట్‌లో రావిర్యాల దగ్గర దిగితే పార్కు పక్కనే. ఆరాంఘర్ మీదుగా పోతే దగ్గరంటారు కొందరు డ్రైవర్లు, నమ్మొద్దు. తెల్లారి ఐదుకు బండి కదిలితే, దారిలో జడ్చర్ల కాడ టీ తాగి, గేటు తెరిచే పదకొండుకంటే ముందే చేరుకుంటారు. టికెట్లు ఫోన్లో ముందే కొనుక్కో, గేటు కాడ ఒక లైను తప్పుతుంది. పిల్లల టికెట్టు వయసును బట్టి ఇవ్వరు, ఎత్తు కొలుస్తారు. 85 సెంటీమీటర్లలోపు బిడ్డకు టికెట్టు లేదు, 140 దాటితే పెద్దోళ్ల లెక్క. పెద్ద పెద్ద రైడ్లెక్కడానికీ ఆ 140 ఉండాల్సిందే. ఇంట్లోనే గోడకు నిలబెట్టి టేపుతో కొలిచి, "నువ్వు ఇవి ఎక్కొచ్చు, అవి ఎక్కలేవు" అని ముందే చెప్పేస్తే అక్కడ ఏడుపులుండవు. కాలేజీ పిల్లలకు, అరవై దాటినోళ్లకు తగ్గింపు ఉంటుంది, అసలు గుర్తింపు కార్డులు పెట్టుకో.

ఈ పార్కు 2016 ఏప్రిల్లో తెరిచారు. మన టీవీల కింద వీ-గార్డ్ స్టెబిలైజరు ఉంటుంది చూడు, ఆ కంపెనీ పెట్టిన కేరళ ఆయన కొచౌసెఫ్ చిట్టిలపిళ్లిదే ఇది కూడా. 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ అని మొదలుపెట్టాడు, 2005లో బెంగళూరు పక్కన బిడది కాడ రెండోది. బెంగళూరుకు పనికి పోయిన మీ తమ్ముడు అక్కడికి రమ్మంటే పో, కాకపోతే అది మైసూరు రోడ్డులో, ఊరికి అవతలి కొసన ఉంటుంది. మనకు రావిర్యాలే సుళువు.

లోపలికి పోయినాక లైన్లు. ఉరుకుంద ఈరన్న కాడ శ్రావణ సోమవారాల్లో నిలబడినోళ్లం, లైను మనకేం కొత్త? అయితే అక్కడ లైను ఎంత పొడుగో అంత ఆలస్యం. పార్కులో అట్లా కాదు. లైను పొడుగు చూసి భయపడొద్దు, బండి ఎంతమందిని మింగుతుందో చూడు. ఒక రైడులో ఇరవై సీట్లున్నాయనుకో, ఎక్కి దిగేసరికి నాలుగు నిమిషాలనుకో. గంటకు మూడొందల మంది. నీ ముందర వందమందుంటే ఇరవై నిమిషాల్లో నీ వంతు. పక్కనే ఇద్దరిద్దరు ట్యూబు మీద జారేది ఉంటుంది. దాని ముందర నలభై మందే కదా అని నిలబడితే, జంటకు నిమిషమేసుకున్నా అంతే సేపు! లైన్లో దూరేముందు రెండు విడతలు చూసి ఈ లెక్క కట్టు. మగోళ్లు చూస్తూ ఉంటే కట్టు, ఇంకా బాగుంటుంది.

గేటు తెరవగానే జనమంతా ముందర కనపడే రైడు కాడ ఆగిపోతారు. మీరు ఆగొద్దు, నేరుగా పెద్దదాని కాడికి నడవండి. రీకాయిల్ అని ఒక రోలర్ కోస్టరుంది, ముందుకు తిప్పి, అదే దారిన వెనక్కి తిప్పుతుంది. ధైర్యముంటే మొదటి గంటలోనే ఎక్కేయాలి, తర్వాత లైను పెరుగుతుంది. పొడి ఆటలు ముందు, నీళ్లు తర్వాత. నీటి ఆటలు మొదలయ్యేదే కొంచెం ఆలస్యంగా. పైగా తడిబట్టలతో పొడి రైడ్లు ఎక్కనీరు. ఒంటిగంటకు హోటళ్ల కాడ కాలు పెట్టే సందుండదు, ఆ వేళ లైన్లు కాస్త పలచబడతాయి. అప్పుడు ఆడుకుని, రెండున్నర దాటాక తినండి. ఫాస్ట్‌ట్రాక్ అని ఎక్కువ రేటు టికెట్టు ఒకటుంది, దానికి వేరే పొట్టి లైను. మామూలు రోజు పోతే అది దండగ. తప్పనిసరై సెలవురోజు పోతే ఆలోచించు.

చంటిబిడ్డ తల్లివైతే నీకొక కిటుకు. అమెరికా డిస్నీ పార్కుల్లో ఒక పద్ధతుంది. బిడ్డతో ఒకరు బయటుండి ఇంకొకరు రైడెక్కుతారు, వాళ్లు దిగినాక రెండోవాళ్లు మళ్లీ పెద్ద లైను కట్టకుండానే ఎక్కొచ్చు. మనం దాన్ని ఇంకోరకంగా చేసుకుందాం. పొద్దున్నే, బండిలోనే, వంతులు తేల్చేయ్: పన్నెండు దాకా బిడ్డ నాన్న కాడ, రెండు దాకా నీ కాడ, ఆ తర్వాత ఆడబిడ్డ కాడ. లోపలికి పోయినాక తేల్చుకుందాంలే అంటే ఏమవుతుందో నీకు తెలుసు, వంతులన్నీ నీకే వస్తాయి. కడుపుతో ఉన్నోళ్లు, గుండెజబ్బున్నోళ్లు రైడ్ల జోలికి పోకూడదు, దాచిపెట్టొద్దు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో తప్పిపోయి మైకు కాడ ఏడుస్తూ నిలబడే పిల్లల్ని చూసేవుంటావు. మన బిడ్డకు ఆ గతి పట్టకూడదు. బాల్‌పెన్ను రాత నీళ్లకు పోతుంది, చెరిగిపోని మార్కరుతో బిడ్డ ముంజేతి మీద ఫోన్ నంబరు రాయి. ఆ నంబరు ఫోన్ మాత్రం లాకర్లో పెట్టకు, నీళ్లు చొరబడని కవరులో ఒకరి మెడలో ఉండాలి. అలల కొలను అస్తమానం కదులుతూ ఉండదు, విడతలుగా అలలొస్తాయి. గంట మోగగానే జనమంతా ఒక్కసారిగా లోపలికి ఉరుకుతారు. పిల్లల చెయ్యి పట్టుకోవాల్సింది అప్పుడే.

అత్తామామలు వస్తామంటే మాత్రం రామోజీ ఫిల్మ్‌సిటీ పెట్టుకో. 1996లో రామోజీరావు కట్టించింది, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అదే ఔటర్ రింగురోడ్డు మీద ఇంకాస్త ముందుకు, 11వ ఎగ్జిట్ పెద్ద అంబర్‌పేట కాడ దిగి, విజయవాడ రోడ్డు పట్టాలి. అక్కడ ఎర్రబస్సుల్లో తిప్పి సెట్లు చూపిస్తారు, బాహుబలి సెట్టు కూడా. మోకాళ్ల నొప్పులోళ్లకు కూర్చుని చూసే ప్రదర్శనలు ఎక్కువ. పోగానే ఏ ప్రదర్శన ఎన్నింటికో కనుక్కుని ఫోన్లో ఫొటో తీసుకో. ఒకేరోజు అదీ ఇదీ రెండూ చూద్దామనే వాళ్ల మాట వినకు.

సాయంత్రం మూసే వేళకు బట్టలు మార్చుకునే గదుల కాడ పెద్ద గుంపవుతుంది. ముక్కాలుగంట ముందే నీళ్లలోంచి లేచి, తల తుడుచుకుని, లాకరు ఖాళీ చేయించు. డ్రైవరు సంగతి మరవొద్దు. మీ ఆయనే బండి నడిపేటట్టయితే పగలంతా నీళ్లలో మునిగి రాత్రికి స్టీరింగు ముందు కునికిపాట్లు పడతాడు. 44వ నంబరు రోడ్డు మీద లారీలు బారులు బారులుగా పోతుంటాయి. అందుకే అద్దె బండి, దాని డ్రైవరు. నువ్వు ఆటల్లో ఉన్న వేళ ఆయన పార్కింగులో నిద్రపోవాలని బయల్దేరేటప్పుడే చెప్పి, పైన ఒక వంద చేతిలో పెట్టు.