మెర్స్: ఒంటె నుంచి మనిషికి

వ్యాధుల పాఠంలో ఖతార్‌ను ఒంటెలతో గుర్తుంచుకోవాలి. 2012లో సౌదీ అరేబియాలో తొలిసారి గుర్తించిన, మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధిని కలిగించే కరోనా వైరస్, 2013లో ఖతార్‌లోని ఒక ఫారంలో మూడు ఒంటెల్లో బయటపడింది. ఆ ఫారంతో సంబంధమున్న ఇద్దరికి అప్పటికే జబ్బు సోకింది.

వ్యాప్తిని అంచనా వేసే గణిత నమూనాలకు కీలకం ‘ఆర్ నాట్’: రోగనిరోధక శక్తి లేని జనంలో ఒక రోగి నుంచి సగటున ఎందరికి సోకుతుందో చెప్పే సంఖ్య. 1 దాటితే వ్యాధి విస్తరిస్తుంది. మెర్స్‌కు మనుషుల మధ్య ఇది సాధారణంగా 1 లోపే. అయినా ఒంటెల నుంచి కొత్త కేసులు వస్తూనే ఉంటాయి. ఆసుపత్రుల్లో జాగ్రత్త తప్పితే ముప్పు పెద్దది: 2015లో దక్షిణ కొరియాలో 38 మంది మరణించారు.

గల్ఫ్‌లో ఒంటెల దగ్గర పనిచేసే మనవాళ్లు పచ్చి ఒంటెపాలు తాగకూడదు.