పెరటి లెక్కలు

గోదావరీపాయలైన గౌతమీ వసిష్ఠల నడుమనున్న సీమకు కోనసీమ యని పేరు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పెరడులేని పల్లెయిల్లు అరుదు. ఆ పెరటిలో కొబ్బరిచెట్లుండును. చూరున కట్టిన వరికంకుల కుచ్చుపై పిచ్చుకలు వ్రాలుచుండును. గంపలో కోడి గుడ్లను పొదుగుచుండును. వీనిని మనము దినదినమును చూచుచునే యుందుము. కాని చూచుట వేఱు, లెక్కించి చూచుట వేఱు. లెక్కించి చూచువానికి పెరడే యొక పాఠశాల యగును.

మొదట కోడి లెక్కను చూతము. కోడిగుడ్డు పిల్ల యగుటకు సుమారు 21 దినములు పట్టును; మామూలు బాతుగుడ్డునకు సుమారు 28 దినములు పట్టును. రెండు రకముల పిల్లలును ఒకే కోడిక్రింద ఒకేసారి పుట్టవలెనన్న నేమి చేయవలెను? బాతుగుడ్లను ముందుగా నుంచి, వారము గడచిన పిమ్మట కోడిగుడ్లను చేర్చవలెను. వ్రాతచదువు లెఱుగని అవ్వ సయితము ఈ తీసివేతను వ్రేళ్లపై చేయగలదు. పిమ్మట బాతుపిల్లలు బోదెలో దిగి యీదుచుండగా, కోడి గట్టుపై నిలిచి కలవరపడుట చూడవలసిన వేడుక!

ఇక కొబ్బరిచెట్టు. దాని మట్టలు మెలికమెట్లవలె కాండముచుట్టు తిరుగుచు ఒకదానిపై నొకటి పుట్టును. కొన్ని చెట్లలో నీ మెలిక కుడివైపునకును, కొన్నిటిలో ఎడమవైపునకును తిరుగును. చెట్టెక్కకయే దీనిని గుర్తింపవచ్చును. గెల మట్టకు సరిగా నడుమ నుండక, ఒక ప్రక్కకు ఒరగియుండును. ఒక చెట్టున గెలలన్నియు ఒకే ప్రక్కకు ఒరగును. తల్లిచెట్టు కుడిమెలికదైనచో పిల్లచెట్లును అట్లే యుండునా? డేవిస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఎన్నో చెట్లను లెక్కించి, 1962లో దీనికి సమాధానము ప్రకటించెను. తల్లి యే మెలికదైనను, పిల్లలలో సుమారు సగము కుడివి, సగము ఎడమవి. ఇది బొమ్మబొరుసుల యాటవలె నున్నది గదా!

డేవిస్‌ను ప్రోత్సహించినవాడు జె. బి. యస్. హాల్డేన్. ఇంగ్లండున 1892లో జన్మించిన యీ మహాశాస్త్రజ్ఞుడు 1957లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి, 1961లో భారత పౌరుడయ్యెను. ఖరీదైన యంత్రములు లేకున్నను, చుట్టునున్న ప్రాణులను ఓపికతో గమనించి లెక్కించినచో మంచి శాస్త్రము పుట్టునని ఆయన నమ్మకము. 1964 డిసెంబరు 1న ఆయన భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ననుసరించి, ఆయన దేహమును వైద్యవిద్యార్థుల అధ్యయనార్థము కోనసీమకు సమీపమునగల కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించిరి.

లెక్క వేడుకకే కాదు. అది మన యూహలను సరిదిద్దును. దేశమంతట పిచ్చుకలు అంతరించిపోవుచున్నవని పలువురు తలచిరి. పక్షులను చూచి లెక్క వ్రాసెడి వేలకొలది సామాన్యుల పుస్తకములనుండి కూర్చిన నివేదిక యొకటి 2020లో వెలువడెను. పిచ్చుకల సంఖ్య దేశము మొత్తముమీద నిలకడగా నున్నదనియు, పెద్ద నగరములలో మాత్రము తగ్గినదనియు అందు తేలెను. భయమెక్కడ నిజమో, ఎక్కడ కాదో లెక్కయే చెప్పినది. ఇట్టి పెరటిపక్షుల గణన 1998లో ఉత్తర అమెరికాలో మొదలై, 2013నుండి ప్రపంచమంతట ఏటేట ఫిబ్రవరిలో జరుగుచున్నది. కనీసము 15 నిమిషములు కనబడిన పక్షులను లెక్కించి వ్రాయుటయే అందలి పని. అందు బాలురును బాలికలును పాల్గొనవచ్చును.

బాలలారా! మీ చూరుక్రింది పిచ్చుకలు తగ్గుచున్నవో, పెరుగుచున్నవో ఏ గ్రంథమును చెప్పజాలదు, మీరే చెప్పవలెను. కుచ్చు కట్టి ఊరకుండక, వారమున కొకసారి ఒకే వేళకు పక్షులను లెక్కించి, తేదీతో వ్రాసియుంచుడు. ఒకనాటి లెక్క ఆటగా తోచవచ్చును. ఏండ్లతరబడి వ్రాసిన లెక్క మాత్రము, మూగప్రాణుల పక్షమున ఊరివారికి సాక్ష్యమై నిలుచును.