రేపు నెయ్యి ఎవరు పోస్తారు?

చి. అల్లుడికి,



నీ ఉత్తరం అందింది. విషయం కన్నా ముందు నీ దస్తూరీ చూసి మురిసిపోయాను. ఇంటరు మొదటేడులో ఇంత గుండ్రంగా రాసేవాడివి, "ఈ బోర్డులు రాసే పిచ్చి మానెయ్యనా, ఎన్‌.ఎస్‌.ఎస్‌. మానెయ్యనా?" అని అడిగితే ఏం చెప్పను? మీ నాన్నయితే రెండూ మానేసి ఈఏపీసెట్‌కి చదువుకోమంటాడు. నేను రెంటినీ ఒకే గాటికి కట్టమంటాను.

కార్తీకంలో గుడి ఆవరణ ఊడ్చామనీ, ప్లాస్టిక్ సంచులు ఏరి ఫొటోలు దిగామనీ, మర్నాటికి మళ్ళీ అంత చెత్తా పడిందనీ రాశావు. నీ విసుగులో తప్పు లేదు. ఎన్‌.ఎస్‌.ఎస్‌.లో ఏడాదికి 120 గంటల సేవ అన్నారు కదా, వారాలకి పంచి చూడు. వారానికి రెండు గంటల పైచిలుకు. ఒక్కసారి వందమంది కలిసి చేసేదాని కన్నా, ఆ రెండు గంటలూ ఏ వారమూ తప్పని పని ఒకటి చూసుకోవడం మేలు.

మీ ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడినే చూడు. గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. జనం వాటికి ఆనుకుని కూర్చుని పులిహోర తింటారు గానీ అక్కడేం రాసుందో పట్టించుకోరు. చాలావాటిలో ఉన్నది అఖండ దీపాల లెక్క. చాళుక్యుల, చోళుల కాలంలో రాణులు, బంట్లు, వర్తకులు ఆ దీపాలు పెట్టించారు. ఇంత డబ్బు పారేసి దణ్ణం పెట్టి పోలేదు వాళ్ళు. చాలామంది యాభై గొర్రెలిచ్చారు. వాటిని ఒక బోయ పుచ్చుకుని రోజూ మానెడు నెయ్యి పోయాలి. అతని తరవాత కొడుకులూ, మనవలూ పోయాలి. ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు, రోజుకెంత, అన్నీ రాతి మీద చెక్కించారు. దాత పేరుతో పాటు నెయ్యి పోసేవాడి పేరూ వేయించారే, ఆ జాగ్రత్త నాకు మహా ఇష్టం. (ఆ శాసనాల మీద సుద్దముక్కతో గీసి ఫొటో తీసేవాళ్ళు కనిపిస్తే మాత్రం వారించు.)

రాజమండ్రిలో నేను పేపరు చదవడానికి వెళ్ళే గౌతమీ గ్రంథాలయం సంగతీ ఇలాంటిదే. 1898లో దానికి పునాది వేసిన నాళం కృష్ణారావు గారు 1881లో పుట్టారు. అంటే అప్పటికి ఆయన నీకన్నా ఏ ఏడాదో పెద్ద, అంతే! పుస్తకాల పిచ్చి ఉంది కాబట్టి పుస్తకాలతోనే మొదలుపెట్టారు. ఇక డొక్కా సీతమ్మ గారి గురించి నీకు చెప్పక్కర్లేదు, నువ్వు కాలేజీలో తినే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. లంకల గన్నవరంలో ఆవిడ ఏ పండక్కో పబ్బానికో అన్నం పెట్టి ఊరుకోలేదు.

నీకు అక్షరం వచ్చు. దాంతో ఏం చేస్తావంటావా? మీ వీధిలో ముసలివాళ్ళు ఎంతమంది బిళ్ళలు మింగుతున్నారో కనుక్కో. షుగరు బిళ్ళా తెల్లగానే ఉంటుంది, బీపీ బిళ్ళా తెల్లగానే ఉంటుంది. అట్టల మీదేమో చీమల బారులాంటి ఇంగ్లీషు. ఆదివారం పొద్దున్న ఓ నాలుగిళ్ళకి వెళ్ళి, ఉదయం వేసుకునేవి ఒక కవర్లో, రాత్రివి ఒక కవర్లో పెట్టి, మీద పెద్ద తెలుగక్షరాలతో రాసి ఇవ్వు. చదువురాని మామ్మలకి సూర్యుడి బొమ్మా, చంద్రుడి బొమ్మా వెయ్యి. డాక్టరు చీటీ అర్థం కాకపోతే ఊహించి రాయొద్దు. మందుల షాపులోనో, ఏ.ఎన్‌.ఎం. గారినో అడుగు. మందులు మారుతూనే ఉంటాయి, అందుకని ఒకసారి రాసి వదిలేస్తే మంచి కన్నా చెడే ఎక్కువ.

ఈ గంటల్ని మీ ప్రోగ్రాం ఆఫీసరు గారు లెక్కలో వేస్తారో లేదో వెళ్ళి అడుగు. వెయ్యకపోయినా మానకు.

మార్చిలో నీకు పరీక్షలు. ఆ ఆదివారాలు ఎవరు వెళ్తారో ఇప్పుడే ఆలోచించి, తొమ్మిదో క్లాసు చదివే కుర్రాణ్ణి ఒకణ్ణి వెంట తిప్పుకో. వాడి దస్తూరీ వంకరగా ఉన్నా పరవాలేదు, తప్పు లేకుండా చూసి రాసేవాడైతే చాలు. స్కెచ్ పెన్ను వద్దు, చెమట చేతులకి చెదిరిపోతుంది. పర్మనెంట్ మార్కర్లు రెండు కొనుక్కో, డబ్బులు మీ అత్త పంపుతోంది.

ఇట్లు,
మావయ్య