బొగ్గు వాషరీలో సాంద్రత లెక్క

కోకింగ్ బొగ్గు ధర తూకంతో పాటు బూడిద శాతాన్ని బట్టి కూడా నిర్ణయమవుతుంది. మన దేశంలో బూడిద 15 శాతం మించనిది స్టీల్ గ్రేడ్-1. 15 నుంచి 18 వరకు స్టీల్ గ్రేడ్-2. 18 దాటితే వాషరీ గ్రేడ్లు. ఝరియా బొగ్గులో చాలా భాగం ఈ వాషరీ గ్రేడ్లదే. కడిగితే గాని ఉక్కు కర్మాగారానికి పనికిరాదు.

కడగడమంటే నీళ్లు పోసి మసి వదిలించడం కాదు. రైతు విత్తనపు వడ్లను ఉప్పునీటిలో వేసి తాలు తేల్చే పద్ధతే ఇది. కాకపోతే ఇక్కడ తేలేది మంచి సరుకు, మునిగేది రాయి. నీటి సాంద్రత 1 అనుకుంటే శుభ్రమైన బొగ్గుది సుమారు 1.3, రాతిది 2కు పైమాటే. ఉప్పుకు బదులు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు మెత్తని పొడిని నీటిలో కలుపుతారు. సాంద్రత 1.45 కావాలంటే ఘనపు మీటరు ద్రవంలో సుమారు 560 కిలోల పొడి వుండాలి.

ఈ అంకె కొద్దిగా పెరిగినా రాయి కలిసిన బొగ్గు తేలి వచ్చి బూడిద హెచ్చుతుంది. అది కొనుగోలుదారు పరీక్షలో పట్టుబడుతుంది. తగ్గితే మంచి బొగ్గు మునిగి రాతితో పాటు పోతుంది. బూడిద తక్కువే వచ్చింది గనుక ఎవరూ ఆక్షేపించరు. చాలాకాలం బయటపడని నష్టం ఇదే.

లోగడ లీటరు డబ్బాతో ద్రవం పట్టి తూచేవారు, 1.45 కిలోలు తూగితే సాంద్రత 1.45. గంటకు 300 టన్నులు కడిగే ప్లాంటులో అరగంటకొకసారి తూచారనుకుంటే, రెండు తూకాల మధ్య 150 టన్నులు దాటిపోతాయి. అందుకే గొట్టానికి ఒకవైపు సీసియం-137, ఎదురువైపు కిరణాలను కొలిచే సాధనం అమర్చిన గేజిలు వచ్చాయి. ద్రవం చిక్కబడితే గామా కిరణాలు తక్కువగా దాటతాయి. వెంటనే నీటి వాల్వు తెరుచుకుంటుంది.

అయితే గేజిని గుడ్డిగా నమ్మరాదు. గొట్టం లోపల అరిగితే కిరణాలు ఎక్కువగా దాటి, సాంద్రత తగ్గినట్లు చూపుతుంది. వాల్వు నీటిని తగ్గిస్తుంది. అసలు సాంద్రత హద్దు దాటుతుంది. మరో చిక్కు బంకమట్టితో. అది చేరితే అంకె సరిగానే వున్నా ద్రవం జిగటబారి, బొగ్గు, రాయి సరిగా విడిపోవు. మట్టి ఎంతో, మాగ్నటైట్ ఎంతో ఈ గేజి చెప్పలేదు. కనుక డబ్బా తూకం ఇంకా అటకెక్కలేదు; గేజిని సరిచూసేది దానితోనే.

వాషరీ లెక్కలు చూసే వర్తకులు బూడిద శాతంతో సరిపెట్టుకోక, పారబోసే రాతి నమూనా పరీక్ష కూడా అడగడం మంచిది. 1.45 సాంద్రతగల ద్రవంలో వేసినప్పుడు ఆ నమూనాలో తేలేదంతా చేజారిన బొగ్గే.