పని జరిగే ఫిర్యాదు ఎలా రాయాలి

"మా కాలనీ పరిస్థితి అధ్వానంగా ఉంది. అధికారులు వెంటనే స్పందించాలి." ఈ మాటల్లో అబద్ధం లేదు, ఆవేదన నిజం. అయినా వీటితో పని జరగదు. ఫిర్యాదును చివరికి చేతిలోకి తీసుకునేది కమిషనర్ కాదు, బండి మీద వార్డంతా తిరిగే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంటో, వర్క్ ఇన్‌స్పెక్టరో. ఏ సందులో, ఎవరింటి ముందు, ఏం జరిగిందో ఆ మనిషికి తెలియాలి. తెలియకపోతే వచ్చినా వెతుక్కుని వెళ్లిపోతారు. అందుకే ఫిర్యాదు ఆ మనిషి కోసం రాయాలని నా గట్టి నమ్మకం. హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతి చెబుతాను.

ముందుగా సమస్య ఉన్న చోటికి నడిచి వెళ్లి చూడాలి. బాల్కనీలోంచి చూసి రాసే ఫిర్యాదులు చాలావరకు తప్పు శాఖకు చేరతాయి. సందులో నీళ్లు నిలిచాయనుకుందాం. మ్యాన్‌హోల్ మూత పక్క నుంచి నల్లగా, వాసనతో ఉబికి వస్తుంటే అది మురుగు లైను సమస్య. చూడాల్సింది మంచినీళ్లు, మురుగు లైన్లు చూసే జలమండలి, ఫోన్ నంబరు 155313. నీళ్లు తేటగా ఉండి, నల్లా వదిలిన వేళల్లోనే రోడ్డు మీదికి పారుతుంటే మంచినీటి పైపు పగిలిందన్న మాట. అదీ జలమండలిదే, కానీ "లీకేజీ" అని వేరుగా చెప్పాలి. వాన వెలిశాక కూడా నీళ్లు ఇంకకుండా ఉంటే వరద కాలువ జాలీ దగ్గర చెత్త అడ్డుపడిందేమో చూడాలి. అది నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలోని ఇంజనీరింగ్ విభాగం పని. ఆ నిలవ నీటిలో దోమ లార్వాలు కదులుతుంటే మందు చల్లడానికి వచ్చేది అదే సంస్థలోని ఎంటమాలజీ విభాగం. ఒకే గుంట, రెండు సంస్థలు, మూడు నాలుగు విభాగాలు. పౌరుడికి ఇవన్నీ తెలియాల్సిన అవసరం ఏముందని కోపం రావడం న్యాయమే. కానీ ఐదు నిమిషాలు నిలబడి చూస్తే వారం రోజుల తిరుగుడు తప్పుతుంది.

కరెంటుదీ ఇదే తీరు. వీధి దీపం వెలగకపోతే జీహెచ్‌ఎంసీకి చెప్పాలి. తీగ వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నా విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయాలి. తీగ తెగి కింద పడితే ఫోటో కోసం కూడా దగ్గరికి పోవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి, ముందు ఫోన్ చేయండి.

తర్వాత చిరునామా. హైదరాబాద్ ఇంటి నంబర్లలో ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆపైన ఇల్లు వస్తాయి. వాటి మీద బై నంబర్లు, అక్షరాలు చేరి, పక్కపక్క ఇళ్ల వరస కూడా అంతుచిక్కని వీధులున్నాయి. కాబట్టి ఇంటి నంబరు ఒక్కటే చాలదు. ఆ ఊరివాళ్లు నోటితో చెప్పుకునే గుర్తు రాయండి: గుడి, కిరాణా కొట్టు, రేషన్ దుకాణం, నీళ్ల ట్యాంకు. మెయిన్ రోడ్డు నుంచి ఎన్నో సందో, ఎడమో కుడో కూడా చెప్పండి. దీపమైతే స్తంభం మీద నంబరు ఉందేమో చూసి రాయండి. ఖాళీ ప్లాటైతే దానికి రెండు పక్కలా ఉన్న ఇళ్ల నంబర్లు ఇవ్వండి. చెత్త పేరుకున్న ప్లాటు ప్రైవేటుదైతే అధికారులు యజమానికి నోటీసు ఇవ్వాలి, అందుకు ముందు ఆ ప్లాటు ఏదో తేలాలి.

ఫోటోలు రెండు చాలు. ఒకటి దగ్గరగా, సమస్య కనిపించేలా. రెండోది దూరంగా, వెనక దుకాణం బోర్డో గేటో కనిపించేలా. వచ్చిన మనిషి చోటు పోల్చుకునేది రెండో ఫోటోతోనే, కానీ చాలామంది పంపనిది అదే. ఫోటోలో పిల్లల ముఖాలు, పక్కింటివాళ్ల బండి నంబర్లు పడకుండా చూసుకోవడం మర్యాద.

ఇక రాత. ఒక్కో సమస్యకు ఒక్కో ఫిర్యాదు ఇవ్వాలి. చెత్త, దీపం, గుంత మూడూ ఒకే దాంట్లో రాస్తే అది ఏదో ఒక విభాగానికి వెళ్తుంది. ఆ విభాగం తన పని ముగించి ఫిర్యాదు మూసేస్తుంది, మిగతా రెండూ అక్కడే ఆగిపోతాయి. మచ్చుకు ఒకటి: "రామాలయం వెనక రెండో సందు, కిరాణా కొట్టు ఎదురుగా వరద కాలువ జాలీ మట్టితో పూడిపోయింది. శనివారం పడిన వాన నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. నాలుగిళ్ల ముందు మోకాలి కింది దాకా ఉన్నాయి. పక్కనే అంగన్‌వాడీ. పూడిక తీసి, తీసిన మట్టిని అదే రోజు ఎత్తించాలి." ఇందులో చోటు, కారణం, ఎప్పటినుంచి, ఎవరికి ఇబ్బంది, ఏం చేయాలి అన్నీ ఉన్నాయి. తిట్టు లేదు, "దయచేసి కరుణించండి" అని ప్రాధేయపడటమూ లేదు. ఆస్తి పన్ను కట్టే ఊళ్లో కాలువ శుభ్రం చేయమనడం హక్కు. చివరి వాక్యం వదిలేయకండి. పూడిక తీసి గట్టున పోసిన మట్టి మళ్లీ వాన పడితే తిరిగి కాలువలోకే జారుతుంది.

ఎక్కడ ఇవ్వాలి? మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో ఇవ్వవచ్చు, 040-21111111కు ఫోన్ చేయవచ్చు, లేదా అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో కాగితం మీద ఇవ్వవచ్చు. ఫోటోతో తేలిపోయే వాటికి యాప్ మేలు. ఫోన్ పెద్దవాళ్లకు సులువు. పదేపదే మొరపెట్టుకున్నా కదలనివి, ఇద్దరు ముగ్గురు అధికారులు కలిస్తే గాని తేలనివి ప్రజావాణికి తీసుకెళ్లాలి. ఏ దారిన ఇచ్చినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకూడదు, కౌంటర్ దాటకూడదు. నంబరు లేని ఫిర్యాదు గురించి రేపు అడగడానికి ఆధారం ఉండదు. కాలనీ సంఘం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి నంబరు, తేదీ, విభాగం రాసుకుంటే, అదే సమస్య ఏటా తిరిగి వస్తోందని చూపించడానికి అదే సాక్ష్యమవుతుంది.

పని జరగకుండానే "పరిష్కరించాం" అని సందేశం వస్తే? ఆ రోజే అదే చోట మళ్లీ ఫోటో తీసి, పాత నంబరు రాసి, తిరిగి తెరవమని అడగాలి. అప్పటికీ కదలకపోతే వార్డు స్థాయి నుంచి సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కు, అక్కడినుంచి జోనల్ కమిషనర్‌కు పాత నంబర్లన్నీ జతచేసి రాయాలి. వార్డుల, సర్కిళ్ల హద్దులు మారుతుంటాయి కాబట్టి మీ వీధి ఏ సర్కిల్ కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. చివరగా సమాచార హక్కు చట్టం 2005 ఉంది. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్నదే. కాబట్టి ఫలానా నంబరు ఫిర్యాదుపై తీసుకున్న చర్య నివేదిక, దాన్ని మూసిన అధికారి హోదా, బిల్లు చేసిన పనైతే కొలతల పుస్తకం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

శిథిల భవనం సంగతి వేరు. పగిలిన పిట్టగోడ, ఇనుప ఊచలు బయటపడిన స్లాబు, మొక్కలు మొలిచిన గోడ కనిపిస్తే అది పక్కింటి విషయం అనుకోకండి. కూలితే పోయేది దారిన పోయేవాళ్ల ప్రాణం. జీహెచ్‌ఎంసీ చట్టం 1955లోని 456వ సెక్షన్ కూలే స్థితిలో ఉన్న కట్టడాలను సరిచేయమని, కూల్చమని యజమానిని ఆదేశించే అధికారం కమిషనర్‌కు ఇస్తుంది. ఈ ఫిర్యాదు టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లాలి. లోపల ఎవరైనా ఉంటున్నారా, కింద దుకాణం ఉందా, పక్కన బడి ఉందా అన్నది మొదటి వాక్యంలోనే రాయాలి. లోపల అద్దెకున్నవాళ్లు పేదలైతే వాళ్లతో ముందు మాట్లాడండి. నోటీసు వచ్చాక సామాను సర్దుకుని, ఇంకో ఇల్లు వెతుక్కోవాల్సింది వాళ్లే.

ఇక కాలువల పూడిక గురించి అడగాలంటే జూన్ దాకా ఆగవద్దు. నైరుతి వానలు మొదలయ్యాక సిబ్బంది అంతా నీళ్లు తోడే పనిలో ఉంటారు. మార్చి, ఏప్రిల్‌లోనే వీధి వెంట నడిచి, జాలీలు ఒక్కొక్కటీ చూసి, ఒక్కోదానికి ఒక్కో ఫిర్యాదు ఇవ్వండి.