పెరటి వావిలి

పఠనభాగము: ఆదికాండము 2:8–15

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోట వెలసిన జంషెడ్‌పూరు ఉక్కునగరము. అయినను ఆ నగరము కట్టబడక మునుపే దాని తోటలు తలంపబడెను. విశాలమైన వీధులు, నీడనిచ్చు చెట్లు, ఉద్యానములు ఉండవలెననియు, దేవాలయములకు, మసీదులకు, క్రైస్తవ మందిరములకు స్థలము విడువవలెననియు జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడైన దొరాబ్జీకి వ్రాసెను. 1904లో ఆయన మరణించెను గనుక ఆ చెట్ల నీడను చూడలేదు. 1919లో ఆ ఊరికి ఆయన పేరు పెట్టబడెను.

అట్టి నగరములో పెరటిలో గుమ్మడిపాదు పెట్టిన గృహిణికి ఒక చిక్కు తెలియును. పూలు విస్తారముగా పూయును గాని పిందెలు పండుబారి రాలిపోవును. గుమ్మడికి మగపూవు వేరు, ఆడపూవు వేరు. దాని పుప్పొడి బరువైనది, జిగటగలది. గాలి దానిని మోయజాలదు. తెల్లవారుజామున విచ్చిన పూవు మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో తేనెటీగ రానియెడల పిందె నిలువదు. అయితే గుమ్మడి పూయని దినములలో తేనెటీగకు ఆహారమెక్కడ?

ఈ ప్రశ్నకు మన దేశపు పొదయే ఒక జవాబు. బాలింతల స్నానమునకు ఆకు కాచు వావిలిని ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఉత్తరాదివారు దానిని నిర్గుండి యందురు. అది తులసి కుటుంబములోనిది. కొమ్మల చివర నీలి ఊదావన్నె పూలు గుత్తులుగా పూయును. ప్రతి పూవునకు క్రింది పెదవి వెడల్పుగా నుండును; అది తేనెటీగ వాలుటకు వేసిన పీటవంటిది.

వానలు మొదలైనప్పుడు ముదురుకొమ్మను జానెడు ముక్కగా కోసి, ఎండ తగులుచోట నాటిన చాలును. వేరూనిన పిమ్మట బీదనేలను, ఎండను ఓర్చుకొనును. పశువులు సాధారణముగా దానిని మేయవు గనుక కంచెకు తగినది. అయితే ఒక జాగ్రత్త అవసరము. వావిలి కొత్త చిగుళ్లపైననే పూయును. అందముకొరకు మాటిమాటికి కత్తిరించిన కంచె పచ్చగా నుండును గాని పూయదు. శీతకాలము చివర ఒకసారి కత్తిరించి, పిమ్మట విడిచిపెట్టవలెను. పూసిన కాలమున పురుగుమందు చల్లరాదు.

పఠనభాగములో నరునికి తోటలో అప్పగింపబడిన పనులు రెండు. హెబ్రీ మూలములో మొదటి క్రియ ‘ఆబద్’. దానికి సేద్యము చేయుట యనియే గాక సేవచేయుట యనియు అర్థము. రెండవది ‘షామర్’, అనగా కాపాడుట. కత్తి పట్టుట సేద్యమైతే, తగిన కాలమున దానిని క్రింద పెట్టుట కాపుదల.

ఆలోచించుడి: మన పెరటిలో మన కంటికొరకే కత్తిరింపబడి, పూయక నిలిచినది ఏది?