వీలునామా వ్రాయుట ఎందుకు?

మన ఇండ్లలో పెద్దలు లింగైక్యులైనప్పుడు సమాధిక్రియ ఎట్లు జరుగవలెనో ఒకరినడుగ నక్కరలేదు. విభూతి, బిల్వపత్రి, జంగమయ్యగారి రాక, అన్నియు పరంపరగా తెలిసినవే. తెలియనిదల్లా ఆ మరునాడు మొదలగును. పొలము కాగితములెక్కడ? బ్యాంకు లెక్క ఎవరి పేర నున్నది? ఇల్లెవరికి? పోయిన పెద్ద నోట పలుమార్లు చెప్పినదే యైనను, వ్రాయనందున నలుగురు నాలుగు విధములుగా జ్ఞాపకము చేసికొందురు.

నేనెరిగిన ఒక కుటుంబమును గూర్చి చెప్పెదను. ఇంటి యజమాని తన కష్టార్జితముతో ఒక పెంకుటిల్లు కట్టెను. "ఈ ఇల్లు మీ అమ్మది, ఆమె యున్నంతకాలము ఎవరును కదపరాదు" అని పండుగకు కూడినప్పుడెల్ల అనుచుండెడివాడు. వ్రాయలేదు. ఆయన పోవునాటికి వృద్ధురాలైన తల్లి, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె యుండిరి. చట్టము ప్రకారము ఆ ఇల్లు ఐదు సమభాగములైనది. రెండేండ్లకు తల్లి గతించగా, ఆమె భాగములో ఆమె తక్కిన బిడ్డలకును, అనగా యజమాని తోబుట్టువులకును హక్కు వచ్చినది. చిన్నకుమారుడు అప్పులలో చిక్కి పంపకము కోరెను. ఇల్లు అమ్ముడుపోయెను. ఎవరి ఇల్లని ఆయన చెప్పుచుండెనో ఆ ఇల్లాలికి దక్కినది ఐదవ వంతు ధనము, నాలుగు నెలలకొకసారి మారు వాసము. ఆ కుమారులలో దుర్మార్గులెవరును లేరు. ఒక్క కాగితము లేకపోయినది, అంతే.

మనకు ప్రత్యేక వారసత్వ నియమములున్నవని కొందరనుకొందురు. అది పొరపాటు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన రెండవ సెక్షనులోనే వీరశైవులను, లింగాయతులను పేర్కొని తన పరిధిలో చేర్చుకొన్నది. వీలునామా లేక పురుషుడు మరణించినచో అతని స్వార్జితము భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లికి సమముగా చెందును. తండ్రి ఈ మొదటి వరుసలో లేడు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు జన్మహక్కు 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున, అదియు నాటికి అవివాహితలకే, కలిగినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట వివాహితలకు సైతము కలిగినది. 2005 నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. కనుక ఉమ్మడి ఆస్తి విషయమున ఎవరైనను తమ వంతును మాత్రమే వీలునామా వ్రాయగలరు. కుమార్తె హక్కును తండ్రి తన చేవ్రాలుతో తుడిచివేయజాలడు.

స్త్రీల విషయమున ఈ చట్టము మరింత విచిత్రమైనది. సంతానము లేని ఒక ఉపాధ్యాయినిని తలపుడు. భర్త గతించెను. తన జీతముతో ఇల్లు కొనెను, బ్యాంకులో కొంత కూడబెట్టెను, వృద్ధురాలైన తన తల్లిని తానే పోషించుచున్నది. ఆమె వీలునామా లేక మరణించినచో ఆ స్వార్జితము ముందుగా భర్త వారసులకు పోవును. మరదులో, వారి బిడ్డలో ఉన్నంతవరకు కన్నతల్లికి వంతు రాదు. తల్లిదండ్రుల నుండి వారసత్వముగా వచ్చిన ఆస్తి మాత్రము, సంతానము లేనిచో, తండ్రి వారసులకు మరలును. ఈ ముడిని విప్పునది ఒక్క వీలునామాయే. మన స్త్రీలు "నాకేమున్నది వ్రాయుటకు" అందురు. మెడలోని బంగారము, పోస్టాఫీసు పొదుపు, పుట్టింటివారిచ్చిన అరయెకరము, ఇవన్నియు ఆస్తియే, వానిపై ఆమెకే సర్వహక్కులు.

వ్రాయుట కష్టమనుకొనువారికి కొన్ని మాటలు. పదునెనిమిదేండ్లు నిండి మనస్సు స్వస్థముగా నున్న ఎవరైనను వ్రాయవచ్చును. తెల్లకాగితము చాలును, స్టాంపు కాగితము అవసరము లేదు. చేవ్రాలు చేయలేనివారు వేలిముద్ర వేయవచ్చును. కనీసము ఇద్దరు సాక్షులు ఆ చేవ్రాలును చూచి, వ్రాసినవారి యెదుటనే తామును సంతకము చేయవలెను. లోపలి విషయము వారికి తెలియనక్కరలేదు. కోర్టులో నిరూపింపవలసి వచ్చినచో జీవించియున్న సాక్షి ఒక్కరైనను వచ్చి చెప్పవలసియుండును. కనుక తమ ఈడు వృద్ధులను కాక వయస్సులో చిన్నవారిని, ఆస్తి పొందనివారిని సాక్షులుగా పెట్టుకొనుట మేలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించిన మంచిదే. గుట్టుగా ఉంచగోరువారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చును. బ్రతికియున్నంతకాలము ఎన్నిసార్లైనను మార్చవచ్చును, చివరిదే చెల్లును. వీలునామా వ్రాసిన ఆయుస్సు తరుగునను భయము మన పెద్దలలో ఇంకను ఉన్నది. జీవితబీమా పత్రముపై చేవ్రాలు చేయునప్పుడు లేని భయము ఇచ్చట ఏల?

ఒక హెచ్చరిక. 1958లో వెంకటాచల అయ్యంగారు కేసులో సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, ఆస్తి పొందువాడే ముందుండి వీలునామా వ్రాయించినచో అది అనుమానాస్పదమగును, ఆ అనుమానమును తీర్చు భారము వానిదే. ఒక బిడ్డకు తక్కువ వ్రాయుచున్నచో కారణమును రెండు వాక్యములలోనైనను చెప్పవలెను. "చిన్నవాని చదువునకు ఇదివరకే ఇంత వెచ్చించితిని" అన్న ఒక్క మాట సోదరుల నడుమ ఇరువదియేండ్ల వైరమును ఆపవచ్చును.

వీలునామాకు బదులు బ్రతికియుండగనే దానపత్రము వ్రాసియిచ్చి, పిదప తలుపు తట్టి అన్నమడుగవలసి వచ్చినవారున్నారు. పోషించుదుమను షరతు పత్రములో ఉన్నచో 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ఆ దానమును రద్దు కోరవచ్చును. అయినను వీలునామాలో ఈ చిక్కే లేదు. అది మరణానంతరమే అమలులోనికి వచ్చును.

మఠములకు దాసోహము నిమిత్తము భూమి నీయదలచినవారు సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణము, ప్రయోజనము స్పష్టముగా వ్రాయవలెను. వ్యక్తిగతముగా స్వామివారికా, మఠమునకా అన్నదియు తేల్చవలెను. మఠము ఆస్తి పీఠాధిపతుల సొంతము కాదు. వారు దానిని వీలునామా వ్రాయజాలరు. స్వామివారికే యిచ్చినది మాత్రము ఆయన వారసులవైపు పోవచ్చును. ఈ ఒక్క పదము లోపించి కోర్టుల కెక్కిన తగవులు కొన్ని కావు.

మరియొకటి. మనలో పలువురి పెద్దల సమాధులు సొంత పొలముల మూలలలో నున్నవి. వారసులు పొలమమ్మినచో కొన్నవాడు నాగలి పెట్టును. ఆ కొద్ది స్థలమును, దానికి దారిని వేరుపరచి ఎవరికి చెందవలెనో వీలునామాలోనే వ్రాయుట ఉచితము. తన సమాధి ఎచ్చట ఉండవలెనను కోరికను మాత్రము వీలునామాలోనే దాచియుంచరాదు. క్రియలన్నియు ముగిసిన తరువాతనే సాధారణముగా దానిని తెరచుదురు. అది వేరొక కాగితముపై వ్రాసి ఇంటివారికి ముందుగానే ఇచ్చియుంచవలెను.